బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఎంచుకునేటప్పుడు ముందు స్టాక్ చూడండి

ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చే బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించేది) కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది బ్యారెల్ గురించి, ఆ తర్వాత ట్రిగ్గర్ గురించి. చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే చెక్క లేదా ప్లాస్టిక్ భాగమైన స్టాక్ దగ్గరికి వచ్చేసరికి రంగు, నునుపు చూసి సరిపెట్టుకుంటారు. నన్నడిగితే ఈ వరస తిరగేయాలి. ఈ రోజుల్లో పేరున్న తయారీదారుల బ్యారెళ్లు చవక మోడళ్లలో కూడా చాలామటుకు బాగానే ఉంటున్నాయి. ఇంచుమించు ఒకే ధర ఉన్న రెండు రైఫిళ్ల మధ్య అసలు తేడా ఎక్కువగా స్టాక్‌లోనే బయటపడుతుంది.

బ్యారెల్ వెనక బిగించి ఉండే, బోల్ట్ కదిలే లోహపు భాగాన్ని రిసీవర్ అంటారు. అది కూర్చునే ఆధారమే స్టాక్. స్టాక్ వెనక కొస, అంటే మడమ, భుజానికి ఆనుతుంది. ముందు భాగం చేతిలోనో, బైపాడ్ అనే రెండు కాళ్ల ఆధారం మీదో ఉంటుంది. ఇక్కడ ఒక సందేహం రావాలి. గురి చూసే దుర్బిణి, అంటే స్కోప్, బిగించేది రిసీవర్‌కే కదా, రిసీవర్ స్టాక్‌లో కాస్త అటూ ఇటూ జరిగినా స్కోప్ కూడా దానితోపాటే జరుగుతుంది, మళ్లీ గురి చూసుకుంటే సరిపోదా? మంచి ప్రశ్నే. చిక్కంతా గురి చూసుకున్నాక జరిగే కదలికతో వస్తుంది.

10 గ్రాముల తూటా సెకనుకు 800 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుందాం. రైఫిల్ బరువు 4 కిలోలు, బ్యారెల్ పొడవు 60 సెంటీమీటర్లు. ఆ బ్యారెల్ దాటడానికి తూటాకి మిల్లీసెకను కంటే కాస్త ఎక్కువ పడుతుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం రైఫిల్ కూడా ఆ లోపే వెనక్కి కదలడం మొదలుపెడుతుంది. లెక్కవేస్తే, తూటా ఇంకా బయటపడకముందే రైఫిల్ ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా వెనక్కి వచ్చేసి ఉంటుంది. బ్యారెల్ భుజం కంటే కొంచెం పైన ఉంటుంది కాబట్టి మూతి పైకి లేవడం కూడా అప్పుడే మొదలవుతుంది. ఆ క్షణానికి మూతి గురి గీత నుంచి 0.2 మిల్లీమీటర్లు తప్పితే చాలు, 100 మీటర్ల దూరంలో తేడా 3 సెంటీమీటర్లు దాటుతుంది. కదలికను ఆపడం ఎవరి వల్లా కాదు. అది ప్రతి తూటాకీ ఒకేలా ఉంటే తూటాలన్నీ ఒకేచోట పడతాయి. ఆ 'ఒకేలా' అన్నది చూసుకోవాల్సింది స్టాక్.

వెనక్కి తన్నే బలాన్ని రిసీవర్ నుంచి స్టాక్‌కి అందించేది రికాయిల్ లగ్ అనే చిన్న లోహపు ముక్క. 1898 నాటి మౌజర్ రైఫిల్‌లో, 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70లో అది రిసీవర్‌లోనే భాగం. 1962 నాటి రెమింగ్టన్ 700లో బ్యారెల్‌కీ రిసీవర్‌కీ మధ్య బిగించిన విడి పలక. 2003లో వచ్చిన ఫిన్లాండ్ రైఫిల్ టిక్కా టీ3 దీన్ని తిప్పేసింది: లగ్ స్టాక్‌లో ఉంటుంది, గాడి రిసీవర్‌లో ఉంటుంది. మొదట అల్యూమినియంతో చేసిన ఆ లగ్‌ని తర్వాతి టీ3ఎక్స్‌లో స్టీల్‌కి మార్చారు. పద్ధతి ఏదైనా లగ్ వెనక సందు ఉండకూడదు, అది ఆనే చోటు మెత్తగా ఉండకూడదు. ఆనే చోటు నలిగితే రిసీవర్ ప్రతిసారీ కొత్త చోట కూర్చుంటుంది.

ఇక స్టాక్ దేనితో చేశారన్నది. వాల్‌నట్ కలప అందం వేరు, చేతికి హాయిగా ఉంటుంది. కానీ కలప గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. పచ్చి వాల్‌నట్ పూర్తిగా ఆరేసరికి నారకు అడ్డంగా దాదాపు 8 శాతం దాకా కుంచించుకుపోతుంది, నార పొడవునా అర శాతం కూడా తగ్గదు. బాగా ఆరబెట్టిన స్టాక్‌లో మార్పు ఇంత ఉండదు గానీ, అడ్డంగా ఒకలా, పొడవునా ఒకలా కదలడం మాత్రం పోదు. అందుకే వానాకాలంలో స్టాక్ మెలి తిరిగి బ్యారెల్‌ని పక్కకి నెట్టగలదు. 1966లో అమెరికా మెరైన్ దళం రెమింగ్టన్ 700 ఆధారంగా తీసుకున్న ఎం40 స్నైపర్ రైఫిళ్లకు చెక్క స్టాకులే ఉండేవి. వియత్నాం తేమకు అవి ఉబ్బి ఇబ్బంది పెట్టాయి. 1970లలో వచ్చిన ఎం40ఏ1కి మెక్‌మిలన్ కంపెనీ ఫైబర్‌గ్లాస్ స్టాక్ వేశారు. 1988లో అమెరికా సైన్యం తీసుకున్న ఎం24 స్నైపర్ రైఫిల్ స్టాక్‌లో రిసీవర్ కూర్చోవడానికి అల్యూమినియం దిమ్మే అమర్చారు. చెక్కే కావాలంటే, పలుచని రేకులు అతికించి చేసిన లామినేట్ స్టాక్ మేలు. బరువెక్కువే గానీ ఒక రేకు వంగబోతే మిగతావి పట్టి ఉంచుతాయి.

ప్లాస్టిక్ అనగానే చులకనగా చూడక్కర్లేదు. చవక రైఫిల్ అయిన రూగర్ అమెరికన్ స్టాక్ మామూలు పాలిమరే, కానీ రిసీవర్ కూర్చునేది లోపల అమర్చిన 'వి' ఆకారపు స్టీల్ దిమ్మల మీద. బెర్గారా బీ14 హెచ్ఎంఆర్‌లో, సావేజ్ వారి ఆక్యూస్టాక్‌లో పాలిమర్ లోపల అల్యూమినియం చట్రం ఉంటుంది. డబ్బు ఖర్చవ్వాల్సిన చోట ఖర్చయిందా అన్నదే చూడాలి. రిసీవర్‌ని స్టాక్‌కి పట్టి ఉంచే స్క్రూలు బిగించే చోట లోహపు గొట్టాలో దిమ్మో లేకపోతే, బిగింపుకి ప్లాస్టిక్ నెమ్మదిగా నలిగి పట్టు సడలుతుంది. ఉన్నా కూడా, తయారీదారు చెప్పిన టార్క్‌కే, అంటే తిప్పే బలానికే, స్క్రూలు బిగించాలి.

చవక ప్లాస్టిక్ స్టాకుల అసలు బలహీనత ముందు భాగంలో ఉంటుంది. తూటా పేలినప్పుడు బ్యారెల్ కంపిస్తుంది. తంబుర తీగను వేలితో తాకితే నాదం మారినట్టు, కంపించే బ్యారెల్‌ని స్టాక్ ఎక్కడైనా తాకితే ఆ కంపనం తీరు మారిపోతుంది. అందుకే చాలా రైఫిళ్లలో బ్యారెల్‌ని స్టాక్‌కి తగలకుండా వదులుతారు. రైఫిల్ ఖాళీగా ఉందని ముందు నిర్ధారించుకుని, ఒక కాగితాన్ని బ్యారెల్ కింద దూర్చి రిసీవర్ దాకా లాగి చూడండి. తర్వాత ముందు భాగాన్నీ బ్యారెల్‌నీ కలిపి పిడికిట్లో నొక్కండి, పక్కకి కూడా నెట్టి చూడండి. కాస్త ఒత్తిడికే రెండూ తాకుతున్నాయంటే, బైపాడ్ మీద బరువు వేసినప్పుడూ అదే జరుగుతుంది. ఇంకో మాట. కొన్ని రైఫిళ్లలో ముందు కొస బ్యారెల్‌ని కొంచెం పైకి నొక్కేలా కావాలనే చేస్తారు. కాగితం అక్కడ ఆగితే లోపమని తేల్చేయకుండా డిజైన్ ఏమిటో కనుక్కోండి.

ఇక మీ ఒంటికి కుదరడం. ట్రిగ్గర్ నుంచి మడమ దాకా పొడవు చాలా ఫ్యాక్టరీ రైఫిళ్లలో 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. పొట్టి చేతులవాళ్లకి, మందపాటి కోటు వేసుకునేవాళ్లకి ఇది ఎక్కువవుతుంది. మడమ దగ్గర బిళ్లలు తీసి తగ్గించుకునే వీలున్న మోడల్ దొరికితే వదలొద్దు. చెంప ఆనే ఎత్తు అంతకంటే ముఖ్యం. పాత పద్ధతి స్టాకుల్లో అది బ్యారెల్ మీది ఇనుప గురికి సరిపోయేలా ఉంటుంది, స్కోప్ దానికంటే ఎత్తులో కూర్చుంటుంది. చెంప గాల్లో తేలుతుంటే కన్ను ప్రతిసారీ ఒకేచోట నిలవదు. అప్పుడు స్కోప్‌లోని గురి గీతలు లక్ష్యం మీద జరిగినట్టు కనిపిస్తాయి. దాన్నే పారలాక్స్ అంటారు.

దీనికి తేలికైన పరీక్ష ఉంది. ఖాళీ రైఫిల్‌ని సురక్షితమైన వైపు తిప్పి, కళ్లు మూసుకుని, హాయిగా భుజానికి ఆనించి, చెంప వాల్చి కళ్లు తెరవండి. మెడ కదపకుండానే స్కోప్‌లో పూర్తి వలయం కనిపించాలి. నల్లటి నీడ ఒక పక్కకి కమ్మితే స్టాక్ ఎత్తో పొడవో మీకు సరిపోలేదు. స్కోప్ లేని రైఫిల్‌తో ఈ పరీక్ష కుదరదు కాబట్టి, మీరు వాడబోయే స్కోప్‌నీ, దాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంట్‌నీ పెట్టించి చూపించమని కొనేముందే అడగండి.