నెట్‌లో పైన కనిపించిందల్లా అసలుది కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో నా నెట్ సెంటర్. పదహారేళ్లుగా ఇదే పని. హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్ ఫారాలు, పాన్ కార్డులు, ఫోన్లలో సాఫ్ట్‌వేర్ రిపేర్లు. కౌంటర్ దగ్గర ఒక మాట మాత్రం వారానికి రెండు మూడుసార్లు వింటున్నాను. "నెట్‌లో ఫస్ట్ అదే వచ్చింది కదండీ, దొంగదెలా అవుతుంది?"

అపోహ: వెతికితే మొదట వచ్చిందే అసలు సైటు, అసలు నంబరు.

మన జిల్లాలో జనం డబ్బు పోగొట్టుకుంటున్నది ఎక్కువగా ఈ నమ్మకంతోనే అని నా కౌంటర్ దగ్గర చూసినదాన్ని బట్టి చెబుతున్నాను. వైరస్‌ల వల్లా కాదు, హ్యాకర్ల వల్లా కాదు.

పోయిన వేసవిలో గార మండలం నుంచి ఒకామె వచ్చింది, ఇంటర్ చదివే కొడుకుని వెంటబెట్టుకుని. భర్త గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోట్ల మీద పని చేస్తాడు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మిక్సీ జార్ పగిలి వచ్చింది. డబ్బు వెనక్కి కావాలని కుర్రాడు నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికాడు. పైనే పది అంకెల మొబైల్ నంబరు కనిపించింది. ఫోన్ చేస్తే అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడి, ఫోన్‌లో ఒక యాప్ వేయించాడు. అది మన స్క్రీన్‌ని వాడికి చూపించే యాప్. తర్వాత పేమెంట్ యాప్ తెరిపించి, "మీ రిఫండ్ కోడ్ 18740, ఆ గడిలో కొట్టండి" అన్నాడు. ఆ గడి అమౌంట్ గడి. కుర్రాడు కొట్టాడు. పిన్ అడిగింది, వేశాడు. 18,740 రూపాయలు వెళ్లిపోయాయి.

"అప్పా, ఎప్పుడు జరిగింది?" అని అడిగితే, "మొన్న సాయంత్రం. ఆయనకి తెలిస్తే ఏమంటాడోనని ఎవరికీ చెప్పలేదు బావూ" అంది. కుర్రాడు తల ఎత్తలేదు. వాడి తప్పు కాదని ముందు వాడితో చెప్పాను. రోజూ ఇదే పని చేసేవాడు మాట్లాడుతుంటే, ఆ టెన్షన్‌లో చదువుకున్నవాళ్లూ పడిపోతారు. పోయిన నెలలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు కూడా ఇలాగే వచ్చారు.

వాస్తవం ఏమిటంటే, వెతికినప్పుడు పైన రావడానికి చాలా దారులున్నాయి. డబ్బు కట్టి ప్రకటన పెడితే పైన వస్తుంది, పక్కన చిన్న అక్షరాలతో 'స్పాన్సర్డ్' అని ఉంటుంది. ప్రకటనలను తనిఖీ చేస్తారు, అయినా దొంగవి జారిపోతూనే ఉంటాయి. మ్యాప్‌లో కనిపించే షాపు, బ్రాంచి వివరాలకైతే మార్పు సూచించే వీలు అందరికీ ఉంది. అలా ఫోన్ నంబర్లు మార్చేసిన కేసులు మన దేశంలోనే బయటపడ్డాయి. ఇంకొందరు పది కంపెనీల పేర్లూ ఒకే పేజీలో రాసి, అన్నిటికీ తమ నంబరే ఇస్తారు. సెర్చ్ పేజీ మనం కొట్టిన మాటలకి దగ్గరగా ఉన్నవాటిని తెచ్చి పెడుతుంది. ఆ నంబరు ఎవరిదో విచారించి ఇవ్వడం దాని పని కాదు.

అందుకని కస్టమర్ కేర్ నంబరు వెతకకండి. బ్యాంకుదైతే ఏటీఎం కార్డు వెనక ఉంటుంది, పాస్‌బుక్ మీద ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఏ యాప్‌లో కొన్నారో అదే యాప్‌లో ఆర్డర్ తెరిస్తే 'హెల్ప్' ఉంటుంది. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ వేయమన్నారంటే మన దగ్గర నుంచి డబ్బు వెళ్తోందని అర్థం. ఏ కస్టమర్ కేర్ వాళ్లయినా స్క్రీన్ చూపించే యాప్ వేయమంటే ఫోన్ పెట్టేయండి.

సైటు అడ్రసు చదవడం కూడా నేర్చుకోవాలి, కష్టమేమీ కాదు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. వెబ్ అడ్రసులో ఇంటిపేరు చివర ఉంటుంది. మొదట్లో 'హెచ్‌టీటీపీఎస్' పక్కన రెండు గీట్లు, అంటే స్లాష్‌లు, ఉంటే వాటిని వదిలేయండి. తర్వాత వచ్చే మొదటి గీటు ఎక్కడుందో చూసి, దానికి ముందున్న రెండు మూడు ముక్కలు చదవండి. 'మీబ్యాంక్ డాట్ కామ్ డాట్ రిఫండ్ డాట్ ఎక్స్‌వైజెడ్' అని ఉందనుకోండి. అందులో బ్యాంకు పేరు ఉన్నా, ఇంటిపేరు 'రిఫండ్ డాట్ ఎక్స్‌వైజెడ్'. అది బ్యాంకు ఇంటిది కాదు. ప్రభుత్వ సైట్లు చాలావరకు 'జీవోవీ డాట్ ఇన్' తోనో 'ఎన్ఐసీ డాట్ ఇన్' తోనో ముగుస్తాయి. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా 'బ్యాంక్ డాట్ ఇన్' అడ్రసుకి మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ ఇంటిపేరు బ్యాంకులకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు.

డబ్బు పోయిందా? సిగ్గుపడి దాచకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. యూపీఐ లావాదేవీకి పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. అది, పోయిన మొత్తం, టైము, మీ ఖాతా నంబరు చేతిలో పెట్టుకోండి. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పరుగెడుతుంది. విత్‌డ్రా అయ్యేలోగా సమాచారం అందితేనే మధ్యలో ఆపగలరు. పిన్ లాంటివి ఇంకొకరికి చెప్పేయడం వంటి మన నిర్లక్ష్యం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం మనదేనని, చెప్పిన తర్వాత జరిగితే బ్యాంకుదని 2017లో రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. అందుకే ప్రతి నిమిషమూ లెక్కే. గార నుంచి వచ్చినామె మూడో రోజుకి వచ్చింది. నా కౌంటర్ దగ్గర నుంచే 1930కి చేయించాను. కొంత మొత్తమే హోల్డ్‌లో పడింది, మిగతాది అప్పటికే తీసేసుకున్నారు. ఆ సాయంత్రమే వచ్చి ఉంటే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అపోహ: సైటు అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే ఆ సైటు నమ్మకమైనది.

తాళం చెప్పేది ఒక్కటే: మీ ఫోన్‌కీ ఆ సైటుకీ మధ్య నడిచే సమాచారం దారిలో ఎవరూ చదవలేరు. ఆ చివర ఉన్నవాడు దొంగ అయితే సమాచారం భద్రంగా దొంగ చేతికే చేరుతుంది. దానికి కావలసిన సర్టిఫికెట్ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023 సెప్టెంబరులో క్రోమ్ బ్రౌజర్ ఆ తాళం గుర్తునే తీసేసి ఇంకో గుర్తు పెట్టింది. ఇంకా "తాళం ఉంది చూడండి" అంటూ యూట్యూబ్‌లో చెబుతూనే ఉన్నారు. దయచేసి ఆపండి.

అపోహ: "మీ ఫోన్‌లో 13 వైరస్‌లు" అని వస్తే ఫోన్ ఫార్మాట్ చేయాలి.

ఇలా భయపడి వచ్చేవాళ్లలో చాలామందికి ఉన్నది వైరస్ కాదు, నోటిఫికేషన్. ఎప్పుడో సినిమా డౌన్‌లోడ్ కోసమో క్రికెట్ స్కోరు కోసమో ఒక సైటు తెరిచి, అడిగిన చోట 'అలో' నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని సైట్లన్నీ బ్లాక్ చేయండి. రెండు నిమిషాల పని. ఈ పనికి ఫార్మాట్ చేసి, పిల్లల ఫొటోలు పోగొట్టి, మూడొందలు తీసుకునేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలియదు.

ఇన్‌కాగ్నిటో అంటే చూసిన సైట్ల జాబితా, అదే హిస్టరీ, దాచుకోని బ్రౌజర్ కిటికీ. ఆ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో హిస్టరీ మిగలదు, అంతవరకే. నెట్ ఇచ్చే కంపెనీకీ మీరు చూసిన సైటుకీ తెలుస్తుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు అక్కడే ఉండిపోతాయి. నా కంప్యూటర్లలో రోజూ సాయంత్రం ఎవరెవరివో ఆధార్ పీడీఎఫ్‌లు, మార్కుల మెమోలు తుడుస్తుంటాను. బయట కంప్యూటర్ వాడితే డౌన్‌లోడ్స్‌లో మీ ఫైలు తీసేసి, లాగౌట్ అయ్యాకే లేవండి.

అపోహ: రోజూ క్యాష్ క్లియర్ చేస్తే నెట్ స్పీడు పెరుగుతుంది.

మామూలుగా జరిగేది వేరు. ఒకసారి చూసిన సైటు బొమ్మలు మళ్లీ మళ్లీ దిగకుండా దాచుకునేదే క్యాష్. అది తుడిచేస్తే అన్నీ మొదటి నుంచి దిగాలి, డేటా కూడా ఎక్కువ అవుతుంది. సైటు సరిగా తెరుచుకోనప్పుడు, ఫోన్‌లో జాగా చాలనప్పుడు క్లియర్ చేస్తే చాలు.

నిజంగా పని త్వరగా కావాలంటే రోజూ వాడే సైట్లని ప్రతిసారీ వెతకకండి. ఒకసారి అడ్రసు సరిచూసుకుని బుక్‌మార్క్ చేసుకోండి, లేదా క్రోమ్ మెనూలో 'యాడ్ టు హోమ్ స్క్రీన్' నొక్కండి. తర్వాత నుంచి ఒక్క నొక్కుతో తెరుచుకుంటుంది, మధ్యలో ప్రకటనలూ నకిలీలూ అడ్డు రావు. గార కుర్రాడు ఇప్పుడు వాళ్ల వీధిలో అందరి ఫోన్లలోనూ బ్యాంకు సైటు ఇలాగే పెడుతున్నాడట. చేసుకోవడం రాకపోతే మా సెంటర్‌కి రండి, పెట్టి ఇస్తాను. దానికి డబ్బులు తీసుకోను.