నాలుగు నిమిషాలకే ఆరిపోయే ఎర్ర దీపం

కార్తీక మాసమంతా మా అత్తయ్య తెల్లవారకముందే తలస్నానం చేస్తారు. విశాఖలో చలి ఎంతని అడిగేవారు మధురవాడలో, కొండగాలి తగిలే ఐదో అంతస్తులో ఒక్కసారి తెల్లవారుజామున నిలబడి చూడాలి. బకెట్టు వేడినీళ్లు లేనిదే పెద్దావిడను స్నానానికి పంపడానికి మనసొప్పదు. నిరుడు సరిగ్గా ఆ రోజుల్లోనే మా గీజర్ మొరాయించింది. స్విచ్ వేయగానే ఎర్ర దీపం వెలిగేది. నాలుగు నిమిషాలకు టిక్కుమని ఆరిపోయేది. మూడు నిమిషాలు ఆగి మళ్లీ వెలిగి, అర నిమిషానికే ఆరేది. ఆ తరువాత అదే వరస. పావుగంట గడిచినా నీళ్లు గోరువెచ్చగానే ఉండేవి.

చూసిన వాళ్లంతా ఒకటే మాట: థర్మోస్టాట్ (నీళ్లు తగినంత కాగగానే కరెంటు ఆపే స్విచ్) పోయింది, మార్చేయండి. నేను ముందు గడియారం, కాగితం తీసుకుని కూర్చున్నాను. గీజర్ ఆరి వెలగడం దానికదే జబ్బు కాదు, దాని పనే అది. ఎంతసేపు వెలిగి ఎంతసేపు ఆరుతోందన్న దానిలోనే జబ్బు ఆనవాళ్లు ఉంటాయి.

మాది 15 లీటర్ల గీజర్, 2 కిలోవాట్ల హీటర్. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి దాదాపు 4.2 కిలోజౌళ్లు కావాలి. ట్యాంకు నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే, 60కి చేరాలంటే 35 డిగ్రీలు పెరగాలి. అంటే సుమారు 2,200 కిలోజౌళ్లు. 2 కిలోవాట్ల హీటర్ సెకనుకు 2 కిలోజౌళ్లు ఇస్తుంది కాబట్టి 1,100 సెకన్లు, 18 నిమిషాల పైమాట. నాలుగు నిమిషాల్లో నీళ్లు మహా అయితే 8 డిగ్రీలు పెరుగుతాయి. 33 డిగ్రీల నీళ్లను చూసి థర్మోస్టాట్ '60 అయింది, చాలు' అంటోందన్నమాట.

అయితే అది చెడిపోయినట్టేనా? ఇక్కడ రెండో ఆనవాలు అక్కరకొచ్చింది. థర్మోస్టాట్ గతి తప్పి 33 దగ్గరే ఆపేస్తోందనుకుందాం. గీజర్ చుట్టూ వేడిని పట్టి ఉంచే మందపాటి పొర ఉంటుంది, 15 లీటర్ల నీళ్లు మూడు నిమిషాల్లో చల్లారిపోవు. కాబట్టి దీపం అంత త్వరగా మళ్లీ వెలగకూడదు. వెలుగుతోందంటే వేడెక్కి చల్లారుతున్నది నీళ్లన్నీ కాదు, థర్మోస్టాట్ పక్కనున్న ఏదో చిన్న చోటు. తీగ వదులై ఉంటే ఇంత లెక్కగా ఆరి వెలగదు. వోల్టేజీ తగ్గితే నీళ్లు కాగడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుందే తప్ప దీపం ముందే ఆరదు.

థర్మోస్టాట్ పనితీరు నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. మా గీజర్‌లో ఉన్నది కడ్డీ రకం. ఇత్తడి గొట్టం, దానిలోపల ఇన్వార్ అనే ఇనుము-నికెల్ మిశ్రమంతో చేసిన సన్నని కడ్డీ. వేడికి ఇత్తడి సాగుతుంది, ఇన్వార్ దాదాపు సాగదు. వెంట్రుకవాసి ఉండే ఆ తేడాయే స్విచ్‌ను టిక్కుమనిపిస్తుంది. వేడికి చలించని ఈ లోహాన్ని 1896లో కనిపెట్టిన షార్ల్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఇంత నమ్మకమైన పరికరాన్ని ఊరికే తప్పుపట్టబుద్ధి కాలేదు. అది తానున్న చోటి సంగతే చెబుతుంది, అక్కడ ఏమి చేరిందో చూడవలసింది మనం.

ఆదివారం ఎలక్ట్రీషియన్ అబ్బాయి వచ్చాడు. మెయిన్ ఆపి, నీళ్లన్నీ వదిలేసి, అడుగు మూత విప్పగానే, "అక్కా, మీది బోరు నీళ్లేనా?" అన్నాడు. హీటర్ చుట్టలు, వాటి మధ్యనున్న థర్మోస్టాట్ గొట్టం విడివిడిగా కనబడనే లేదు. అన్నిటినీ కలిపి పూత పూసినట్టు బూడిద రంగు తెలుపు గట్టిపడి ఉంది. మరో రెండు గుప్పెళ్ల పెచ్చులు అడుగున రాలిపడ్డాయి. ఒక పెచ్చును గిన్నెలో వేసి నిమ్మకాయ పిండాను. అంచుల నుంచి సన్నని బుడగలు గొలుసులుగా పైకి లేచాయి. కార్బన్ డయాక్సైడ్ అది. ఆ పెచ్చు కాల్షియం కార్బనేట్. కోడిగుడ్డు పెంకులో ఉన్నదీ అదే.

విశాఖవాసులకు ఈ పదార్థం కొత్త కాదు. 90 కిలోమీటర్ల దూరంలో బొర్రా గుహల్లో పైకప్పు నుంచి వేలాడే ఊడల్లాంటి రాళ్లన్నీ దీనితో కట్టినవే. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తుంది. గుహలోకి చుక్క జారాక ఆ వాయువు ఎగిరిపోతుంది, రాయి మిగులుతుంది. అక్కడ వేల ఏళ్లు సాగే పనిని గీజర్‌లో వేడి కొద్ది ఏళ్లలో చేసి పెడుతుంది. ఇలా సున్నం కరిగి ఉన్న కఠినజలం కాగినప్పుడు వాయువు విడిపోయి సున్నం హీటర్‌కే పట్టుకుంటుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే ఆధారం లేకపోతే 600 వరకు అనుమతిస్తారు. ఆ నీళ్లు తాగడానికి పనికొచ్చినా, రోజూ కాగబెడితే గీజర్‌లో సున్నం పేరుకోక తప్పదు. రాగితో పోలిస్తే ఈ సున్నం గుండా వేడి వందల రెట్లు తక్కువగా సాగుతుంది. హీటర్ వేడి నీళ్లలోకి పోలేక లోపలే చిక్కుకుని, పక్కనే ఉన్న గొట్టాన్ని కాల్చింది. పాపం, థర్మోస్టాట్ చెప్పింది నిజమే.

చలిదేశాల్లో ఇళ్లను వెచ్చబెట్టే బాయిలర్లకూ ఇదే బాధ. అక్కడ బాయిలర్ నీటిని వేడిచేసి గది గదికీ తిప్పుతుంది. ఇంటికి మించిన బాయిలర్ పెట్టినా, పంపు నీరసించినా, గొట్టాల్లో నల్లని తుప్పుమడ్డి అడ్డుపడినా వేడి గదుల్లోకి చేరదు. పంపిన నీళ్లు వేడిగానే తిరిగొస్తాయి, మంట ఆరిపోతుంది, కాసేపటికి మళ్లీ అంటుకుంటుంది. గ్యాసూ వృథా, యంత్రమూ అరిగిపోతుంది.

మా గీజర్ చుట్టలను నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానబెట్టాం. మిగిలిన పొర చెక్కముక్కతో గీకితే ఊడిపోయింది. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం గీజర్ దగ్గరికి తేవద్దు, అది సున్నంతో పాటు లోహాన్నీ తినేస్తుంది. లోపలి మెగ్నీషియం కడ్డీ, ట్యాంకుకు బదులు తాను తుప్పుపట్టి దాన్ని కాపాడేది, పెన్సిలంత సన్నబడి ఉంటే దాన్నీ మార్పించాం. ఇదంతా ఎర్తింగ్ సరిచూడగలిగిన మనిషి చేతే చేయించాలి. నీళ్లూ కరెంటూ కలిసే చోట సొంత ప్రయోగాలు వద్దు.

మర్నాడు అత్తయ్య లేవకముందే స్విచ్ వేసి గడియారం పట్టుకున్నాను. దీపం 19 నిమిషాలు వెలిగి ఆరింది. ఆ అంకెను తేదీతో సహా గీజర్ పక్క గోడమీద పెన్సిల్‌తో రాసి ఉంచాను. ఈ కార్తీకానికి అది 14కు దిగితే మూత మళ్లీ విప్పించాలి.