చదివేది మాస్టారు, రాసేది పిల్లలు: ఇంగ్లిష్ పాఠం వెనక రెండు వందల ఏళ్లు

మన హైస్కూళ్లలో ఇంగ్లిష్ పాఠం చాలాచోట్ల ఇప్పటికీ ఒకే తీరున నడుస్తుంది. మాస్టారు వాక్యం చదివి తెలుగులో అర్థం చెబుతారు, కష్టమైన మాటలను బోర్డు మీద రాస్తారు. పిల్లలు ఆ అర్థాలను పుస్తకంలో ఆ మాటల మీదే పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాసుకుంటారు. పాఠం అయిపోయాక ప్రశ్నలూ జవాబులూ నోట్సులోకి ఎక్కుతాయి. ఇంత తతంగంలోనూ ఒక్క పేరానైనా పిల్లలు తమంతట తాము చదివే సందర్భం రాదు. దీన్ని మార్చడానికి గత వందేళ్లలో కనీసం నాలుగు గట్టి ప్రయత్నాలు జరిగాయి. ప్రతిసారీ బండి పరీక్ష పేపరు దగ్గరే ఆగింది.

బట్టీ పద్ధతి ఇంగ్లిష్‌తోనే వచ్చిందనడం సరికాదు. కంపెనీ కాలపు పై కోర్టు అయిన మద్రాసు సదర్ అదాలత్‌లో అనువాదకుడిగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఒక నివేదిక ఇచ్చాడు. తెలుగు బడుల్లో పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండానే వల్లిస్తున్నారన్నది అందులో ఆయన ఫిర్యాదు. ఇంగ్లిష్ చదువుకే సర్కారు సొమ్ము పెట్టాలని వాదించిన మెకాలే మినిట్ వెలువడింది 1835 ఫిబ్రవరిలో, అంటే ఆ తర్వాత పదిహేనేళ్లకు. పద్యాన్ని వల్లించడం, ఆపై ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు చెప్పడం మనకు ముందే ఉన్న అలవాటు. ఇంగ్లిష్ పుస్తకం చేతికొచ్చాక దానికీ అదే పద్ధతి పట్టించాం.

దాన్ని స్థిరపరిచింది మాత్రం యూనివర్సిటీ పరీక్షే. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఫలానా పుస్తకంలోంచే ప్రశ్నలొస్తాయని ముందే ప్రకటించేవారు. మెట్రిక్యులేషన్ పాసైతే సర్కారు కొలువుకు దారి దొరికేది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ సాహిత్యానికి ఆనర్స్ స్కూలు పెట్టింది 1894లో. అప్పటికే ఇక్కడి డిగ్రీ విద్యార్థులు షేక్‌స్పియర్, మిల్టన్‌ల మీద పరీక్షలు రాస్తున్నారు. ఆ పరీక్షల్లో పుట్టి ఇప్పటికీ బతికున్న ప్రశ్నే ‘యానొటేషన్’. పాఠంలోంచి ఒక వాక్యం ఇస్తారు, దాని చుట్టూ రాయాలి. మన ఇంటర్ గైడ్లు నేర్పే చట్రం మారదు: ఇంట్రడక్షన్‌లో రచన పేరు, రచయిత పేరు, కాంటెక్స్ట్‌లో ఆ మాట ఎవరు ఎప్పుడన్నారు, తర్వాత మీనింగ్, చివర క్రిటికల్ కామెంట్. నాలుగు మార్కుల ప్రశ్న ఇది. ఇచ్చిన వాక్యం ఏ పాఠంలోదో గుర్తుపడితే చాలు, మొదటి రెండు భాగాలూ, చాలాసార్లు నాలుగోదీ బట్టీ నుంచే వచ్చేస్తాయి. పాఠం చదవని విద్యార్థి కూడా దీనికి పూర్తి మార్కులు తెచ్చుకోగలడు.

డిటెయిల్డ్, నాన్ డిటెయిల్డ్ అనే విభజన ఆలోచన మంచిదే. మొదటిదాన్ని వాక్యం వాక్యం ఆగి చదవాలి. రెండోది కథలో, కుదించిన నవలో. వేగంగా, ఇష్టంగా, ఇంట్లో చదువుకోవడానికి పెట్టింది. కానీ నాన్ డిటెయిల్డ్‌కు పేపర్లో దక్కేది ఒకటో రెండో ప్రశ్నలు. దాంతో నవల కాస్తా గైడులో ఒకటిన్నర పేజీ సమ్మరీ అయి కూర్చుంది.

మొదటి ప్రయత్నం ఢాకాలో జరిగింది. అక్కడి టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1920ల్లో బెంగాలీ పిల్లల మీద చదువు ప్రయోగాలు చేసి, 1926లో ఫలితాలు ప్రచురించాడు. పిల్లల్లో ఎక్కువమంది చదువు మధ్యలో మానేస్తారు కదా, మానేసిన రోజున వాళ్ల చేతిలో ఏం మిగులుతుందన్నది ఆయన ప్రశ్న. మధ్యలో వదిలేసిన బీమా పాలసీకి కొంత సొమ్ము వెనక్కి వచ్చినట్టు, సగం చదువుకూ ఒక ‘సరెండర్ విలువ’ ఉండాలన్నాడు. రెండేళ్ల ఇంగ్లిష్‌తో తడబడుతూ నాలుగు ముక్కలు మాట్లాడటం వల్ల కలిగే లాభం తక్కువ. అదే రెండేళ్లలో తేలిక పుస్తకం సొంతంగా చదవగలిగితే అది జీవితాంతం ఉంటుంది.

అప్పటి రీడర్లలో లోపమెక్కడుందో ఆయన లెక్కగట్టి పట్టుకున్నాడు. కొత్త మాటలు మరీ దగ్గర దగ్గరగా వస్తున్నాయి, పైగా వాటిలో చాలావరకు వాడుకలో లేని గ్రాంథికం మాటలు. తన ‘న్యూ మెథడ్’ రీడర్లలో ఆ దూరాన్ని ఏబై మాటలకు ఒక కొత్త మాట చొప్పున పెంచాడు. వచ్చిన కొత్త మాట ఆ వెంటనే మళ్లీ మళ్లీ ఎదురయ్యేలా చూశాడు. ముందు ప్రశ్న ఇచ్చి, జవాబు కోసం పిల్లలతో మౌనంగా చదివించాడు. ఏబైకి ఒకటంటే నూటికి తొంభై ఎనిమిది మాటలు తెలిసినవే అన్నమాట. ఎవరి సాయమూ లేకుండా కథ చదివి అర్థం చేసుకోవాలంటే దాదాపు 98 శాతం మాటలు తెలిసి ఉండాలని 2000లో హు, నేషన్ అనే పరిశోధకులు తేల్చారు. డెబ్బై ఏళ్ల తర్వాత మరో దారిలో వెళ్లినా అదే అంకె దగ్గర తేలడం ఆశ్చర్యమే. లైబ్రరీ పుస్తకం ఎంచేటప్పుడు ఈ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. వంద మాటలున్న ఒక పేరా చదివించండి. తెలియనివి రెండు దాటితే ఆ పుస్తకం ఇంట్లో ఒంటరిగా చదవడానికి ఎక్కువ, క్లాసులో కలిసి చదవడానికైతే ఫరవాలేదు. మన హైస్కూలు రీడర్లో ఏ పేజీకైనా ఈ పరీక్ష పెట్టి చూడండి, మాస్టారు వాక్యానికో అర్థం ఎందుకు చెప్పాల్సి వస్తోందో తెలిసిపోతుంది. తప్పు పూర్తిగా ఆయనది కాదు.

రెండో ప్రయత్నం స్వాతంత్ర్యం వచ్చాక. గాలి మారి స్ట్రక్చరల్ పద్ధతి వచ్చింది. ఇంగ్లిష్ వాక్య నిర్మాణాలను తేలికవాటి నుంచి వరుసలో పేర్చి, ఒక్కోదాన్ని నోటితో సాధన చేయించి, ఆ తర్వాతే చదివించడం. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది ఈ వాతావరణంలోనే. ఇప్పటి ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, అదే. పక్కన మద్రాసు రాష్ట్రంలో ఇరవై ఏడు వేలమంది టీచర్లకు ‘స్నోబాల్’ పద్ధతిలో, అంటే కొందరికి నేర్పితే వాళ్లు మరికొందరికి నేర్పేలా, శిక్షణ తలపెట్టారు. ఇలాంటి గొలుసులో మెట్టు మెట్టుకూ సారం పలచబడుతుంది. చివరి మెట్టు మీది టీచరుకు మిగిలేది, ఒకే వాక్యంలో మాటలు మార్చి మార్చి చెప్పించే సబ్‌స్టిట్యూషన్ టేబుల్ ఒక్కటే. ఇక సాహిత్యమంటారా, అది పక్కకు పోయింది. పాఠాలను స్ట్రక్చర్ల కోసమే రాశారు కాబట్టి వాటిలో కథ అంటూ ఉండదు. ‘దిస్ ఈజ్ ఎ పెన్’ తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రుత ఏ పిల్లవాడికీ కలగదు.

మూడోది ప్రభు ప్రయత్నం. ఇంగ్లిష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు ప్రాంతాల్లోని కొన్ని మామూలు బడుల్లో వ్యాకరణం వరుస ఊసే లేకుండా, పనుల ద్వారా ఇంగ్లిష్ నేర్పించాడు. ఉదాహరణకు ఒక రైల్వే టైంటేబుల్ ఇస్తారు. మొదట టీచరు క్లాసంతటితో కలిసి ప్రశ్నలు వేసి జవాబులు రాబడతారు: ఈ బండి అక్కడికెప్పుడు చేరుతుంది, పది గంటల మీటింగుకు ఏది అందుతుంది? తర్వాత అలాంటిదే ఇంకో టైంటేబుల్, ఈసారి ఎవరికి వారు చెయ్యాలి. మార్కులు జవాబు సరైనదా కాదా అన్నదానికే. పని బరువెంత ఉండాలన్నదానికి ఆయన పెట్టుకున్న కొలత ఇది: క్లాసులో కనీసం సగంమంది ఆ పనిలో కనీసం సగమైనా సరిగ్గా చెయ్యగలగాలి. అంతకు తగ్గితే పని మరీ కష్టం అయినట్టు. ప్రపంచమంతా తర్వాత ‘టాస్క్’ పేరుతో నడిపిన పద్ధతికి మూలాల్లో ఇదొకటి. మన బడుల్లో మాత్రం వేళ్లూనుకోలేదు. టైంటేబుల్ పరీక్షలో రాదు, పాఠం వస్తుంది.

నాలుగోది మన దగ్గరే జరిగింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2012 నుంచి కొత్త రీడర్లు తెచ్చింది. యూనిట్‌కు ఎ, బి, సి అని మూడు రీడింగులు. బొమ్మ చూపించి చర్చ, పిల్లలు ఒంటరిగా చదవడం, అర్థమైన చోట టిక్కు, కాని చోట ప్రశ్నార్థకం, గ్రూపులో ఒకరినొకరు అడగడం, ఆ తర్వాతే టీచరు గొంతెత్తి చదవడం. టీచరు వంతు చివరికి రావడమే ఇందులో అసలు మలుపు. ఈ వరుస నిజంగా నడిస్తే ఒక్క పేజీకి రెండు పీరియడ్లు పడుతుంది. ఏబైమంది ఉన్న క్లాసులో, జనవరికల్లా సిలబస్ ముగించి రివిజన్ మొదలెట్టాల్సిన చోట, మొదట ఎగిరిపోయేది ఆ ఒంటరి చదువే. డైరీ, సంభాషణ, ఉత్తరం లాంటి ‘డిస్కోర్సులు’ పిల్లలు సొంతంగా రాయాలన్నారు. గైడ్లు వాటినీ రాసి అమ్మాయి.

చూడని పేరా ఇస్తే బట్టీ పోతుందని అన్‌సీన్ ప్యాసేజీని నమ్ముకున్నవాళ్లున్నారు. సగమే నిజం. ‘ద గ్లిమ్ వాజ్ బోర్టెడ్ బై ఎ జున్’ అని అర్థంలేని వాక్యం ఇచ్చి, ‘హూ బోర్టెడ్ ద గ్లిమ్?’ అనండి. ‘ఎ జున్’ అని జవాబొస్తుంది. ప్రశ్నలోని మాటను పేరాలో వెతికి, ఆ వాక్యాన్ని దించేయడం చదవడం కాదు. కానీ ట్యూషన్లలో ఇదే ‘టెక్నిక్’ పేరుతో నేర్పుతున్నారు. ఇంగ్లిష్ మీడియం వచ్చాక సైన్సు, సోషల్ పాఠాలకూ ఇదే పాకింది. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగుగా ద్విభాషా పుస్తకాలిచ్చినా, జవాబు ఉన్న వాక్యం కింద గీత గీసుకోవడంతోనే పని అయిపోతోంది.

దీనికి విరుగుడు ప్రశ్నల్లోనే ఉంది. రెండు పేరాలు కలిపితే తప్ప జవాబు దొరకని ప్రశ్న, ‘ఈ పాత్ర అబద్ధం చెబుతోందని ఏ వాక్యాన్నిబట్టి అనుకున్నావు’ లాంటి ప్రశ్న. అయితే వీటికి ఒకే జవాబుండదు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక టీచరు రోజుకు నలభై పేపర్లు దిద్దాలి. ముందున్న జవాబుల కీలో పది రకాల సరైన జవాబులు పట్టవు, కీలో లేని జవాబుకు మార్కులేస్తే రీవెరిఫికేషన్‌లో సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆ టీచరే. పేపరు తయారుచేసేవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే ఒకే జవాబున్న ప్రశ్నలే ఇస్తారు.