69 సెంట్ల నంబర్ వన్

అమెరికన్ పాప్ గాయని కేటీ పెర్రీ తన నంబర్ వన్ పాటల రికార్డు గెలుచుకున్నదా, కొనుక్కున్నదా? ఈ గొడవ మళ్లీ లేచింది. ఆమె చిన్నప్పుడు చర్చిలో పాడిన రోజులు, తొలి హిట్టు అందరికీ తెలిసినవే కాబట్టి అవి వదిలేద్దాం. అసలు సంగతంతా 2011 ఆగస్టులో ఉంది.

అప్పటికి 'టీనేజ్ డ్రీమ్' ఆల్బం వచ్చి ఏడాది. అందులోంచి ఒక్కొక్కటిగా సింగిల్స్‌గా వదిలిన నాలుగు పాటలు అమెరికాలో వారం వారం హిట్ పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 చార్టులో మొదటి స్థానానికి వెళ్లాయి. ఐదోది కూడా వెళ్తే, 1987-88లో 'బ్యాడ్' ఆల్బంతో మైకేల్ జాక్సన్ పెట్టిన రికార్డుతో సమానం. ఆ ఐదో పాట 'లాస్ట్ ఫ్రైడే నైట్' పైదాకా వచ్చి, 'పార్టీ రాక్ యాంథమ్' వెనక ఇరుక్కుపోయింది. రికార్డు కంపెనీ ఊరుకోలేదు. మిస్సీ ఎలియట్ రాప్ కలిపిన రీమిక్స్ ఒకటి వదిలారు. పాటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం ఐట్యూన్స్‌లో హిట్ పాట మామూలు రేటు 1.29 డాలర్లయితే, ఈ పాటను 69 సెంట్లకు దించారు. రీమిక్స్ కొన్నా ఆ అమ్మకం అసలు పాట ఖాతాలోనే పడుతుంది. ఆగస్టు 27 చార్టులో నంబర్ వన్ వచ్చేసింది.

అప్పుడు అందరూ చేసిన పనే కదా అంటారు అభిమానులు. నిజమే. ఆ ఏప్రిల్‌లో ఆమె నాలుగో నంబర్ వన్ 'ఈ.టీ.'ని పైనుంచి దించింది కూడా రిహానా పాటకు బ్రిట్నీ స్పియర్స్‌ను కలిపిన రీమిక్సే.

విమర్శకులు చెప్పేది వేరు, నాకు అదే సబబనిపిస్తోంది. రూల్ తప్పారని కాదు, నంబర్ వన్ అనే ఆ అంకె రుచి మరిగారని. ఆరో పాటకు కూడా రీమిక్స్ చేశారు, అది మూడో స్థానం దాటలేదు. 2012 మార్చిలో అదే ఆల్బంకు కొత్త పాటలు చేర్చి మళ్లీ అమ్మారు. అందులోని 'పార్ట్ ఆఫ్ మీ' నేరుగా నంబర్ వన్‌లో దిగినా, రీఇష్యూలోది కాబట్టి రికార్డు లెక్కలోకి రాలేదు. 2013 నాటి 'ప్రిజమ్' ఆల్బం రెండు నంబర్ వన్‌లు ఇచ్చింది కాబట్టి లోపలి జబ్బు బయటపడలేదు.

2017లో బయటపడింది. 'విట్‌నెస్' ఆల్బం మొదటి సింగిల్‌కు 4వ స్థానం వస్తే, ఇంకెవరైనా పండగ చేసుకునేవారు. ఆమె విషయంలో దాన్ని పడిపోవడం అన్నారు. తర్వాత వదిలిన 'బోన్ ఆపెటీట్' 59 దగ్గరే ఆగింది. మన దగ్గర ఫస్ట్ సింగిల్ తేలిపోయినా ఆదుకోడానికి వెనక సినిమా ఉంటుంది, అక్కడ సింగిలే సినిమా. 2019లో వచ్చిన 'హార్లీస్ ఇన్ హవాయీ' హాట్ 100లోకే రాలేదు. కొన్నేళ్ల తర్వాత టిక్‌టాక్‌లో జనమే దాన్ని వెతికి పట్టుకున్నారు. అప్పటిదాకా దాని వెనక నిలబడే ఓపిక ఎవరికీ లేకపోయింది.

2024లో మళ్లీ పాత మంత్రమే. ఆ ఐదు పాటల్లో నాలుగింటికి పనిచేసిన నిర్మాత డాక్టర్ ల్యూక్‌ను వెనక్కి పిలిచారు. గాయని కేశా 2014లో ఆయనపై లైంగిక దాడి ఆరోపణలతో కేసు వేసింది. ఆయన వాటిని ఖండిస్తూనే వచ్చారు, 2023లో రాజీ కుదిరింది. ఆ నేపథ్యంలో ఆయన చేయి పడిన పాటల్లోంచి ఏరికోరి ముందు వదిలింది, ఆడవాళ్ల గొప్పదనం చెప్పే 'ఉమన్స్ వరల్డ్'. తిట్లు వెల్లువెత్తాయి, పాట 63 దాటలేదు. సెప్టెంబరులో '143' (అవును, మన కాలేజీ నోట్‌బుక్కుల వెనక రాసుకున్న 143 లాంటిదే) ఆల్బంల చార్టులో 6వ స్థానంలో మొదలైనా, జనం నోట్లో మాత్రం ఆ 63 ఉండిపోయింది.