కుండీలోని గొడుగు తుంగ: అపోహలు - వాస్తవాలు

అపోహ: పైన గొడుగులా విచ్చుకున్నవే దీని ఆకులు.

కావు. అవి పూగుత్తి కింద ఉండే పుచ్ఛాలు (ఆకును పోలిన భాగాలు, ఇంగ్లీషులో బ్రాక్ట్‌లు), దాదాపు 20. అసలు ఆకులు చూడాలంటే మొక్క మొదలు దగ్గర బురద కడగాలి. అక్కడ కాండాన్ని చుట్టుకుని గోధుమరంగు తొడుగులు కనిపిస్తాయి, వాటికి పత్రదళం (ఆకులో పరుచుకునే వెడల్పు భాగం) ఉండదు. గొడుగు తుంగకు (శాస్త్రీయనామం సైపరస్ ఇన్వాల్యుక్రేటస్) ఇదే పెద్ద ఆనవాలు. పై భాగం మాత్రమే కోసి, నమూనాగా అట్టకు అంటించి తెచ్చే విద్యార్థులు పోగొట్టుకునేది సరిగ్గా దీన్నే. మొదలు, ముదిరిన కాయ రెండూ ఉండేలా సేకరించండి.

అపోహ: తుంగ అంటే మూడు పలకల కాండం, చేత్తో తడిమితే చాలు.

పొలంలో తుంగకు చాలు. దీని కాండం కింద నున్నగా, దాదాపు గుండ్రంగా ఉంటుంది, పైన గొడుగు దగ్గరికి వచ్చేసరికి గరుకు తగులుతుంది. అనుమానమొస్తే బ్లేడుతో అడ్డంగా కోయండి: లోపల బెండులా నిండుగా ఉంటుంది, గొడుగు దాకా ఎక్కడా కణుపు ఉండదు. ఆపైన 10 రెట్ల భూతద్దం కింద చిరుకంకిని విప్పితే చదునుగా రెండు వరుసల పొలుసులు, మూడు చీలికల కీలాగ్రం (పువ్వులో పుప్పొడిని అందుకునే కొన), మూడు పలకల చిన్న కాయ కనబడతాయి.

అపోహ: నర్సరీలో పాపిరస్ అని ఇచ్చారు కాబట్టి అదే.

పాపిరస్ వేరే తుంగ, 3 నుంచి 5 మీటర్లు పెరుగుతుంది. తలలో వెంట్రుకల్లాంటి సన్నని కాడలు వందల్లో ఉంటాయి, పుచ్ఛాలు పొట్టివి. మనది సాధారణంగా మీటరున్నర దాటదు. రెండూ ఆఫ్రికా నుంచి వచ్చినవే. నర్సరీ చీటీ మీద సైపరస్ ఆల్టర్నిఫోలియస్ అనే జాతి పేరు ఉంటే గాభరా వద్దు, కొందరు గొడుగు తుంగను ఆ జాతికి ఉపజాతిగా లెక్కిస్తారు.

అపోహ: వేరుశనగ చేలో తుంగే ఇది.

ఆ తుంగకు నేలలో దారానికి గుచ్చినట్టు వాసన గడ్డలుంటాయి, దీనికి గడ్డల్లేవు. (క్విజలోఫాప్ అనే కలుపుమందు కొట్టినా తుంగ చావలేదని చిత్తూరు రైతులు మందును తిట్టుకోనక్కర్లేదు. అది గడ్డి జాతులను చంపే మందు, తుంగ గడ్డి కాదు.)

అపోహ: కోసి కాలువలో పడేస్తే పీడ పోతుంది.

రెండంగుళాల కాడతో గొడుగును తలకిందులుగా నీళ్లలో తేలించండి, పుచ్ఛాల మొదళ్లలోంచి పిలకలు వస్తాయి. తిరుపతిలో కాలువలో వేసింది వానకు స్వర్ణముఖి నదిలోకి చేరితే బురద దొరికిన చోటల్లా వేరూనుతుంది. మిద్దె మీద ఎండలో పెళపెళలాడేదాకా ఎండబెట్టాకే పారేయండి.