బెల్లం డ్రమ్ములో ట్రైకోడెర్మా: తిండి లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

చండూరు దగ్గర ఒక బత్తాయి తోట. షెడ్డు నీడలో 200 లీటర్ల నీలం డ్రమ్ము, అందులో బెల్లం నీళ్లు, ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు పొడి. కలిపి అయిదు రోజులైంది. మూత తీయగానే గుప్పున కల్లు వాసన కొట్టింది. కర్ర పెట్టి తిప్పితే తెల్లగా, జిగటగా ఉన్న ముద్దలు పైకి తేలాయి. డ్రమ్ము లోపలి గోడకు మాత్రం, నీటి మట్టానికి రెండు వేళ్ల పైన, సన్నటి పచ్చ గీత. వేలితో రాస్తే పొడిలా అంటుకుంది.

"ఇంకో రెండు కిలోల బెల్లం ఏస్తే మస్తుగ పెరుగుతదా సార్?" అని తోట యజమాని అడిగాడు.

పెరుగుతుంది. కానీ పెరిగేది ఆ తెల్ల ముద్ద, అంటే బూజు పోగులు. మనకు కావాల్సింది ఆ పచ్చ గీత. ఆ పచ్చపొడే ట్రైకోడెర్మా సిద్ధబీజాలు, అంటే బూజు వేసే విత్తనం. ఎండనూ బెట్టనూ తట్టుకుని నేలలో నిలబడి, మళ్లీ మొలిచేది ఎక్కువగా అదే. ఈ తేడాను అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలకు వందేళ్లు పట్టింది. ఆ సంగతి మన రైతు దాకా రావాలనే ఇదంతా రాస్తున్నాను.

నల్లగొండ బత్తాయికి వేరుకుళ్లు, పాలమూరు ఆముదానికి వడలు తెగులు పాత శత్రువులు. రెండింటికీ కారణం నేలలో ఉండే ఫ్యుజేరియం జాతి బూజులే. ఆముదంలో వడలు తెగులును తట్టుకునే 'హరిత' లాంటి రకాలు పాలెం పరిశోధన స్థానం నుంచి వచ్చాయి. ఇప్పటికే నాటిన బత్తాయి చెట్టును మార్చలేం కదా, అందుకే అక్కడ ట్రైకోడెర్మా మీద ఆశ. దీనికి 1794లోనే పెర్సూన్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టినా, ఇది ఇతర బూజులను చుట్టుకుని తినేస్తుందని వైండ్లింగ్ అనే మరో శాస్త్రవేత్త చూపించింది 1932లో.

తిండి లెక్క మాత్రం అంతకంటే ముందే మొదలైంది. 19వ శతాబ్దం చివర్లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త గియోర్గ్ క్లెబ్స్ నీటిబూజును పుష్టిగా మేపి, తర్వాత తీసి ఉత్త నీళ్లలో వేశాడు. అంతవరకు పోగులుగా పాకుతూ ఉన్నది, తిండి ఆగగానే సిద్ధబీజాల సంచులు కట్టింది. మళ్లీ మేపితే మళ్లీ పోగులే. ఎదుగుదల వేరు, సంతానం వేరని, మొదటిది నెమ్మదించినప్పుడే రెండోది మొదలవుతుందని ఆయన తేల్చాడు.

బత్తాయి రైతుకు ఇది వింతేమీ కాదు. తోటను బెట్టకు పెట్టి, ఆకు కాస్త వాడాక నీళ్లిస్తేనే పూత విరగబూస్తుందని ఆయనకు తెలుసు. యూరియా ఎక్కువైన పత్తి ఏపుగా పెరిగి కాయ పట్టకపోవడమూ చూశాడు. క్లెబ్స్ కూడా తర్వాత పూల మొక్కల మీద పనిచేసి, పూతకు కర్బనం, నత్రజని పాళ్లతో సంబంధం ఉందని చెప్పాడు.

తర్వాతి మలుపు పెన్సిలిన్ కాలంలో వచ్చింది. బూజు గాలి తగిలితేనే పచ్చబడుతుందని, నీటిలో ముంచితే పోగులే తప్ప విత్తనం రాదని అప్పటిదాకా ఎక్కువమంది అనుకునేవారు. చండూరు డ్రమ్ములో కనిపించిందీ అదే. 1945లో ఫోస్టర్ అనే శాస్త్రవేత్త బృందం, పెన్సిలిన్ మందునిచ్చే పెన్సిలియం బూజు పెరిగే ద్రవంలో కాల్షియం క్లోరైడ్ కలిపితే మునిగిన పోగులు కూడా సిద్ధబీజాలు వేశాయని చూపించింది. 1960లలో పెన్సిలియం, ఆస్పర్జిల్లస్ బూజుల మీద జరిగిన పనితో నత్రజని అయిపోవడమే చాలాసార్లు పోగుల నుంచి విత్తనానికి మళ్లమనే గుర్తు అని తేలింది.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది 1990 ప్రాంతంలో అమెరికాలోని పియోరియా ప్రయోగశాలలో మార్క్ జాక్సన్, ఆయన తోటివాళ్లు చేసిన పని. మనం పచ్చిరొట్టకు వేసే జీలుగ జాతికే చెందిన ఒక మొక్క అక్కడ పొలాల్లో కలుపు. దాన్ని చంపే బూజును ద్రవంలో పెంచుతూ కర్బనం, నత్రజని పాళ్లు మార్చి చూశారు. 30:1 పాళ్లలో, అంటే 30 వంతుల కర్బనానికి ఒక వంతు నత్రజని ఉన్నప్పుడు, వచ్చిన సిద్ధబీజాల్లో కొవ్వు ఎక్కువ. 10:1లో వచ్చినవాటిలో మాంసకృత్తులు ఎక్కువ, అవే తొందరగా మొలిచి కలుపును గట్టిగా పట్టాయి. అంటే తిండి పాళ్లు ఎన్ని విత్తనాలు వస్తాయన్నదే కాక, అవి ఎంత బలంగా ఉంటాయన్నదీ తేలుస్తాయి. ఒక్కో బూజుకు ఈ పాళ్లు మారతాయి. 10:1 అందరికీ మంత్రం కాదు.

ఇప్పుడు మన డ్రమ్ముకు వద్దాం. బెల్లం దాదాపు అంతా చక్కెరే. కిలో బెల్లంలో సుమారు 350 గ్రాముల కర్బనం ఉంటే, నత్రజని ఒక గ్రాముకు అటూ ఇటూ. పాళ్లు వందల్లోకి పోతాయి. బెల్లం ఒక్కటే పోస్తే ఈస్టులు ఎగబడి తింటాయి, ఆ కల్లు వాసన వాటిదే. అదే ఒక కిలో శనగపిండి కలిస్తే, అందులో 35 గ్రాముల దాకా నత్రజని ఉంటుంది కాబట్టి పాళ్లు 20:1 దగ్గరికి దిగుతాయి. జీవామృతంలో బెల్లం, పప్పుల పిండి సమానంగా వేయమనడం ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది. మన ప్రయోగశాలల్లో వాడే మొలాసిస్ (చెరకు మడ్డి)–ఈస్ట్ ద్రవంలోనూ ఇదే సూత్రం: లీటరుకు 30 గ్రాముల మొలాసిస్ చక్కెర కోసం, 5 గ్రాముల ఈస్ట్ నత్రజని కోసం. అక్కడ నీటిని మరిగించి శుభ్రం చేస్తారు, గాలి ఆడిస్తారు. మన షెడ్డులో ఆ రెండూ కష్టం.

ఇంకో సంగతి. నీళ్లలో మునిగి తయారైన సిద్ధబీజాల గోడ, గాలిలో వచ్చినవాటికంటే పలచన. ఎక్కువ రోజులు నిల్వ ఉండవు. మందపు గోడ ఉన్న క్లామిడో సిద్ధబీజాలు కూడా ద్రవంలో వస్తాయి, అవి నేలలో గట్టిగా నిలుస్తాయి, కానీ వాటికి వ్యవధి ఇవ్వాలి. మూడో రోజే డ్రమ్ము ఖాళీ చేస్తే పొలానికి చేరేవి చాలావరకు మెత్తటి పోగులే, ఎండిన నేలలో అవి బతకడం కష్టం.

అందుకే ఆ తోటలో బెల్లం పెంచమని నేను చెప్పలేదు. వ్యవసాయ అధికారులు ఏళ్లుగా చెబుతున్న కుప్ప పద్ధతి చూపించాను: చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా 2 కిలోలు. పైన పలచని బెల్లం నీళ్లు చల్లి, నీడలో తడి గోనెపట్టా కప్పి, వారం పది రోజులు ఉంచాలి. ఎరువులో, పిండిలో నత్రజని ఉంది, కుప్పలో గాలి ఆడుతుంది, కొద్దిపాటి బెల్లం తొందరగానే అయిపోతుంది. పట్టా ఎత్తి చూస్తే మొదట తెల్లటి బూజు అల్లుకుని ఉంటుంది. అప్పుడే తీసి పాదుల్లో వేయొద్దు. డ్రమ్ము గోడ మీద సన్నగా కనిపించిన ఆ పచ్చ రంగు కుప్పంతా పరుచుకునే దాకా ఆగాలి.