జెర్మాట్ ప్రయాణం: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో ఉంటూ తెలుగు కుటుంబాలకు స్విట్జర్లాండ్ ప్రయాణాలు కుదిర్చి పెట్టడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చే ప్రణాళికలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్లుంటాయి: జూరిచ్ రెండు రోజులు, ఇంటర్లాకెన్ మూడు రోజులు, మధ్యలో ఎక్కడో ఒక రోజు జెర్మాట్. మిగిలిన ఊళ్లలో ఈ లెక్క ఎలాగోలా సరిపోతుంది గానీ జెర్మాట్ దగ్గర తప్పుతుంది. ఎందుకంటే అక్కడికి అందరూ వెళ్లేది 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరాన్ని చూడడానికి. ఆ శిఖరం ఏ పూట మబ్బు తెర తీస్తుందో మన టికెట్లను బట్టి ఉండదు.

అపోహ: ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేయవచ్చు.

వాస్తవం: రైలు వేళల ప్రకారం వచ్చేయవచ్చు. జూరిచ్ నుంచి ఫిస్ప్ అనే ఊళ్లో రైలు మారి వెళితే ఒక వైపు ప్రయాణం దాదాపు మూడున్నర గంటలు. తొలి రైళ్లలో ఒకటి పట్టుకున్నా జెర్మాట్‌లో దిగేసరికి తొమ్మిదో పదో అవుతుంది. వేసవిలో ఈ శిఖరం తెల్లవారుజామున స్పష్టంగా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ లోయల్లోని తేమగాలి పైకి లేవడంతో మధ్యాహ్నానికి మబ్బు కప్పుకోవడం చాలా రోజుల్లో జరిగేదే. అంటే ఒక్క రోజు యాత్రికుడు సరిగ్గా కొండ ముసుగేసుకునే వేళకు పైకి చేరతాడు. నా మొదటి ప్రయాణం అలాంటిదే. ఐదు గంటలు తెల్లటి గోడను చూసి తిరిగొచ్చాను. అప్పట్లో టోబ్లరోన్ చాక్లెట్ పెట్టె మీద ఈ కొండ బొమ్మ ఉండేది. ఆ రోజు నేను చూసిన మాటర్‌హార్న్ అదొక్కటే.

అందుకే కనీసం రెండు రాత్రులు ఉండమంటాను. అప్పుడు చేతికి రెండు తెల్లవారుజాములు దక్కుతాయి. చర్చి దగ్గరి చిన్న వంతెన మీద సూర్యోదయానికి పావుగంట ముందు నిలబడితే, కింద హిమానీనదం నుంచి వచ్చే నీరు బూడిద కలిపినట్లు తెల్లగా పారుతుంటుంది, ఊరంతా ఇంకా నీడలోనే ఉంటుంది, పైన శిఖరం కొన మాత్రం ముందు రాగిరంగుకు తిరిగి, ఆ వెలుగు మెల్లగా కిందికి జారుతుంది. దీనికి టికెట్ అక్కర్లేదు.

అపోహ: కొండ మీది రైలుకు నెల ముందే ఫలానా తేదీకి టికెట్లు కొనిపెట్టుకోవాలి.

వాస్తవం: నా అనుభవంలో ఎక్కువ మందిని నిరాశపరిచింది ఈ ముందుచూపే. గోర్నర్‌గ్రాట్ రైలు 1898లో మొదలైన పళ్లచక్రపు రైలు; ప్రధాన స్టేషన్‌కు ఎదురుగానే దాని స్టేషన్ ఉంటుంది, దాదాపు అరగంటలో 3,089 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. పైన బిగించిన కెమెరాల దృశ్యాలు ఎప్పటికప్పుడు ఫోన్‌లో కనిపిస్తాయి. ఉదయం లేవగానే వాటిని చూసి, కొండ విచ్చుకుని ఉంటే అప్పుడు టికెట్ కొనుక్కుని బయల్దేరడం తెలివైన పని. మబ్బుగా ఉంటే ఆ పూట 1865 జూలై 14న జరిగిన తొలి ఆరోహణ కథ చెప్పే మ్యూజియానికి కేటాయించండి. ఆ రోజు శిఖరమెక్కిన ఏడుగురిలో నలుగురు దిగేటప్పుడు తాడు తెగి లోయలో పడిపోయారు. ఆ తెగిన తాడు ముక్క అక్కడే అద్దాల వెనుక ఉంది. వేలెడంత మందం కూడా లేని ఆ తాడును చూశాక కిటికీలోంచి కనిపించే కొండ మరోలా ఉంటుంది.

రైల్లో పైకి వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోవాలి. తిరిగి వచ్చేటప్పుడు రోటెన్‌బోడెన్ స్టేషన్‌లో దిగి కొద్ది నిమిషాలు నడిస్తే రిఫెల్‌జే అనే చిన్న సరస్సు వస్తుంది. శిఖరం తలకిందులుగా నీటిలో కనిపించే ఫోటోల్లో చాలావి అక్కడివే. అయితే గాలి లేవకముందే వెళ్లాలి, నీరు గడ్డకట్టని వేసవి నెలల్లోనే వెళ్లాలి. ఫిబ్రవరిలో ఆ ఫోటో చూపించి సరస్సు ఏదని అడిగినవారు మంచు మీద నిలబడే అడిగారు.

అపోహ: ఎంత ఎత్తుకు వెళితే దృశ్యం అంత బాగుంటుంది.

వాస్తవం: కేబుల్ కార్లలో 3,883 మీటర్ల క్లైన్ మాటర్‌హార్న్ అనే వేరే కొండ దాకా వెళ్లవచ్చు, ఐరోపాలో అంతకన్నా ఎత్తయిన కేబుల్ కార్ స్టేషన్ లేదు. వేసవిలోనూ మంచు మీద నడవాలనుకునేవారికి అది సరైన చోటు. కానీ మనం బొమ్మల్లో చూసిన వంకర కొమ్ము ఆకారం అక్కడి నుంచి కనిపించదు, కొండ మరో వైపు నుంచి దర్శనమిస్తుంది. ఆకారమే ముఖ్యమైతే గోర్నర్‌గ్రాట్ మేలు. అక్కడి నుంచి స్విట్జర్లాండ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన 4,634 మీటర్ల డూఫూర్ శిఖరమూ, దాని కింద గోర్నర్ హిమానీనదమూ కూడా కనిపిస్తాయి.

ఇక్కడ పెద్దవాళ్ల సంగతి వివరంగా చెప్పాలి. జెర్మాట్ ఊరే 1,600 మీటర్ల ఎత్తులో, అంటే తూర్పు కనుమల్లోని మన అర్మకొండ శిఖరానికి ఇంచుమించు సమానంగా ఉంటుంది. క్లైన్ మాటర్‌హార్న్‌కు వెళితే అక్కడి నుంచి గంటలోపే మరో 2,200 మీటర్లు పైకి వెళ్లిపోతాం. పైన కూడా గాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతమే, కానీ గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతుల కన్నా తగ్గిపోతుంది కాబట్టి ప్రతి ఊపిరికీ అందేది తక్కువ. తలనొప్పి, వికారం, నాలుగు మెట్లకే ఆయాసం వస్తే, వయసును తిట్టుకోకుండా కిందికి దిగిపోవాలి. చాలామందికి దిగగానే సర్దుకుంటుంది. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవారు ప్రయాణానికి ముందే వైద్యుణ్ణి అడగాలి. నేనైతే చేరిన రోజు ఎవరినీ అంత ఎత్తుకు పంపను. రెండో రోజు వెళ్లినా మధ్యలో 2,939 మీటర్ల ట్రోకెనర్ స్టెగ్‌లో అరగంట ఆగమంటాను. తల్లిదండ్రులకు ఓపిక తక్కువైతే సొరంగంలో నడిచే రైలులో కొద్ది నిమిషాల్లో సునెగ్గాకు తీసుకెళ్లండి, 2,288 మీటర్ల ఎత్తులో కొండకు ఎదురుగా హాయిగా కూర్చోవచ్చు.

అపోహ: దేశమంతా రైళ్లలో తిరగడానికి పనికొచ్చే స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే ఇంకేమీ కట్టనక్కర్లేదు.

వాస్తవం: ఆ పాస్ మిమ్మల్ని జెర్మాట్ స్టేషన్ దాకా తెస్తుంది. గోర్నర్‌గ్రాట్ రైలుకు సగం చార్జీ కట్టాలి. సెయింట్ మోరిట్జ్ అనే ఊరికి వెళ్లే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ అనే పర్యాటక రైలుకు పాస్ చెల్లుతుంది గానీ సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి వేరే డబ్బు. పేరుకు ఎక్స్‌ప్రెస్ అయినా 291 వంతెనలు, 91 సొరంగాలు దాటుతూ దాదాపు ఎనిమిది గంటలు తీసుకుంటుంది. అదే దారిలో మధ్యమధ్య మారుతూ మామూలు రైళ్లలోనూ వెళ్లవచ్చు, వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు.

అపోహ: అద్దె కారు తీసుకుంటే హోటల్ గుమ్మం దాకా వెళ్లవచ్చు.

వాస్తవం: జెర్మాట్‌లోకి పెట్రోల్, డీజిల్ కార్లు రానివ్వరు. ఐదు కిలోమీటర్ల ముందు టేష్‌లో కారు ఆపి, పన్నెండు నిమిషాల రైలు ఎక్కాలి. ఊళ్లో తిరిగేవి చిన్న విద్యుత్ వాహనాలే.

అపోహ: అక్కడ మన తిండి దొరకదు కాబట్టి అన్నీ ఇంటి నుంచే సర్దుకుని వెళ్లాలి.

వాస్తవం: సగం నిజం. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే బియ్యం, పెరుగు, కూరగాయలు స్టేషన్ దగ్గరి కూప్ సూపర్‌మార్కెట్‌లో కొనుక్కోవచ్చు. ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లండి. నెయ్యి సీసా, కోడి పచ్చడి మాత్రం ఇంట్లోనే వదలండి, భారత్ నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడాన్ని స్విస్ నిబంధనలు ఒప్పుకోవు. ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకెళ్లేవారు ఇంకో సంగతి గమనించాలి. కరెంటు మన దగ్గరిలాగే 230 వోల్టులు, కానీ స్విస్ సాకెట్ ఆరు మూలలతో గోడలోకి లోతుగా ఉంటుంది. యూరప్ అడాప్టర్ అని ఇక్కడ అమ్మే లావుపాటి గుండ్రటి రకం అందులో దూరదు. స్విస్ రకం అడిగి కొనండి.

అపోహ: పక్కనే ఉన్న ఇటలీలోకి దాటాలంటే వేరే వీసా కావాలి.

వాస్తవం: రెండు దేశాలూ ఉమ్మడి వీసాకు వీలిచ్చే షెంగెన్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఒకే వీసా చాలు, ఎక్కువ రాత్రులు గడిపే దేశం తరఫున దరఖాస్తు చేయాలి. 2023 నుంచి క్లైన్ మాటర్‌హార్న్ మీదుగా కేబుల్ కార్లలోనే ఇటలీలోని చెర్వీనియాకు దిగవచ్చు. పాస్‌పోర్ట్ హోటల్ లాకర్‌లో వదిలి వెళ్లకండి. గాలి బలంగా వీస్తే ఈ కేబుల్ కార్లు ఆపేస్తారు, అప్పుడు రోడ్డు మీదుగా కొండ చుట్టి రావడానికి గంటల ప్రయాణం పడుతుంది కాబట్టి, తిరుగు కేబుల్ కారు ఆఖరిది ఎన్నింటికో అటు దిగకముందే అడిగి తెలుసుకోండి.